కారు టైర్లు పైకి బాగానే ఉన్నాయా..? అసలు ప్రమాదం లోపలి వైపు! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రూట్లలో తిరిగేవాళ్లు హైవే ఎక్కే ముందు చూసుకోవాల్సినవి ఇవే..

పెట్రోల్ ఫుల్.. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉంది.. ఏసీ కూల్‌గా వస్తోంది. ఇంకేం, హైదరాబాద్‌లో బయల్దేరితే మధ్యలో సూర్యాపేట దగ్గర ఒక టీ, ఆ తర్వాత కోదాడ దాటితే ఆంధ్రా బోర్డర్. చాలామంది ప్లాన్ ఇంతవరకే ఉంటుంది. ఆ మొత్తం బరువునీ, ఆ స్పీడునీ మోసే నాలుగు టైర్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. గుర్తొచ్చినా కాలితో ఒక తన్ను తన్ని, 'గట్టిగానే ఉందిలే' అనుకుని స్టీరింగ్ పట్టుకుంటాం.

అసలు సమస్య ఇక్కడే ఉంది. టైరు పాడవడం ఎక్కువగా కంటికి కనిపించే బయటి వైపు మొదలవ్వదు. లోపలి అంచున, లోపలి గోడ మీద, రబ్బరు పొరల మధ్య మొదలవుతుంది. పేలిన రోజు మాత్రం 'ఉన్నట్టుండి పేలింది' అంటాం. నిజానికి చాలా టైర్లు వారాల ముందు నుంచే సిగ్నల్ ఇస్తాయి. ఆ సిగ్నల్స్ ఎక్కడ కనిపిస్తాయో తెలిస్తే ఇంటి ముందే, పెద్దగా పనిముట్లు లేకుండా 15 నిమిషాల్లో పట్టుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

ముఖ్యాంశాలు

- టైరు బయటి వైపు బాగుంటే సరిపోదు.. లోపలి అంచు తప్పనిసరిగా చూడాలి. ఫోన్ కెమెరా చాలు
- కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి.. ఇది రూల్
- సైడ్‌వాల్ మీద ఉబ్బు కనిపిస్తే రిపేర్ లేదు, మార్చడమే
- ఎండాకాలం గాలి తగ్గించడం తప్పు.. టైరు పేలడానికి అదే పెద్ద కారణం
- 'టైరు పేలడం దైవఘటన కాదు' అని బాంబే హైకోర్టు 2023లోనే తేల్చింది

ఈ రూట్లలో టైర్లకు ఎందుకింత పరీక్ష?

హైదరాబాద్ - విజయవాడ 65వ నంబర్ జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ రెండూ పెద్ద స్టాపులే. పాత రోజుల్లో దీన్నే 9వ నంబర్ హైవే అనేవాళ్లు. దాదాపు 270 కిలోమీటర్ల ఈ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల దగ్గర తప్ప కార్లు పెద్దగా ఆగవు. అంటే టైరు గంటల తరబడి ఒకే స్పీడులో తిరుగుతూ వేడెక్కుతూనే ఉంటుంది.

ఇక మిర్యాలగూడ సంగతి వేరు. నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు ఈ ఊరి మీదుగానే దామరచర్ల, వాడపల్లి దాటి కృష్ణా అవతలికి వెళ్తుంది. జడ్చర్ల నుంచి వచ్చే 167వ నంబర్ జాతీయ రహదారి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరుతుంది. ఒకవైపు రైస్‌మిల్లులకు వచ్చే ధాన్యం లారీలు, ట్రాక్టర్లు.. మరోవైపు మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్ ప్రాంత సిమెంట్ ఫ్యాక్టరీల లోడు బండ్లు. ఇంత బరువు తిరిగే రోడ్డు అంచులు విరగడం, గుంతలు పడటం మామూలే. లారీల నుంచి జారిన కంకర, ఇనుప ముక్కలు కూడా రోడ్డు పక్కకే చేరతాయి.

ఇంకోటి, మన పల్లెల దగ్గర అందరూ చూసేదే. కోతల టైంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తేశాక కూడా కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. రాత్రి పూట లైట్ల వెలుగులో ఆ రాయి కనపడేసరికి టైరు ఎక్కేస్తుంది. ఆ దెబ్బ అప్పటికి ఏమీ చేయనట్టే ఉంటుంది. లోపల మాత్రం దారాలు తెగి ఉండొచ్చు.

వీటన్నిటికీ తోడు ఎండ. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మే నెల వచ్చిందంటే 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. గాలి వేడే అంత ఉంటే తారు రోడ్డు వేడి అంతకంటే చాలా ఎక్కువ. లోపం ఉన్న టైరు చలికాలంలో ఎలాగోలా నెట్టుకొచ్చినా.. ఈ వేడిలో బయటపడిపోతుంది.

టైరు లోపల అసలేం జరుగుతుంది?

బయటికి నల్ల రబ్బరులా కనిపించినా, రేడియల్ టైరు లోపల చాలా పొరలుంటాయి. అన్నిటికంటే లోపల గాలి బయటికి పోకుండా ఆపే పల్చటి రబ్బరు పొర. దాని మీద పాలిస్టర్ లాంటి దారాల పొర. రోడ్డును తాకే భాగం కింద స్టీల్ తీగల బెల్టులు. పైన మనకు కనిపించే గాడుల రబ్బరు. రిమ్‌ను పట్టుకునే అంచులో గట్టి స్టీల్ తీగ.. దీన్ని బీడ్ అంటారు.

గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగి మళ్లీ లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వంచిన చోట వేడెక్కుతుంది కదా.. అచ్చం అలాగే. ఆ వేడికి రబ్బరుకీ, స్టీల్ బెల్టుకీ మధ్య పట్టు సడలుతుంది. పొరలు విడిపోవడం మొదలైతే ఇక స్పీడు మీద ఎప్పుడైనా ఊడిరావొచ్చు.

గుంతలో పడినప్పుడు జరిగేది ఇంకో రకం. రాయికీ రిమ్‌కీ మధ్య సైడ్‌వాల్ నలిగి, లోపలి దారాలు తెగుతాయి. ఆ చోట పట్టు ఉండదు కాబట్టి గాలి ఒత్తిడికి రబ్బరు బయటికి ఉబ్బుతుంది. ఇది అదే రోజు కనిపించొచ్చు.. కొన్ని రోజుల తర్వాతా బయటపడొచ్చు. అందుకే గట్టి దెబ్బ తగిలిన వెంటనే ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చూడటం మంచిది.

15 నిమిషాల్లో ఇంటి దగ్గరే చెకింగ్.. స్టెప్ బై స్టెప్

కారును చదునైన చోట ఆపండి. హ్యాండ్ బ్రేక్ వేయండి. పొద్దున్నే, బండి తీయకముందు చూస్తే బెస్ట్. ఒక టార్చ్, ఒక పాత గుడ్డ, ఫోన్ దగ్గర పెట్టుకోండి. జాకీ మీద లేపిన కారు కిందకు మాత్రం తల, చేయి పెట్టొద్దు.

1. ముందు గాలి

ఎంత గాలి ఉండాలన్నది టైరు మీద చూడకూడదు. టైరు మీద రాసి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి. మీ కారుకు కావాల్సిన లెక్క డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. అందులో ఇద్దరు కూర్చుంటే ఒక నంబర్, ఫుల్ లోడ్ అయితే ఇంకో నంబర్ ఉండొచ్చు. అయిదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టి ఊరెళ్తుంటే రెండో నంబరే మీది.

టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. అరగంట నడిపాక అదే టైరులో ప్రెషర్ 3 నుంచి 5 పీఎస్ఐ వరకు పెరిగినట్టు చూపిస్తుంది. అది సహజం. 'ఎక్కువైంది' అని వేడి మీద గాలి తీసేస్తే, చల్లారాక ఉండాల్సిన దానికంటే తక్కువైపోతుంది.

నాలుగింటిలో ఒక టైరు మాత్రమే పదేపదే తగ్గుతోందా? గాలి కొట్టించి ఊరుకోవద్దు. మేకు, వాల్వ్, రిమ్.. ఈ మూడింటిలో ఏదో ఒకటి లీకవుతున్నట్టే.

2. గాడుల లోతు

కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 1989లో 94వ రూల్ టైర్ల కండిషన్ గురించే. దాని ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. కొత్త టైరులో ఇది దాదాపు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది.

కొలవడానికి చిన్న డెప్త్ గేజ్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. అది లేకపోయినా టైరే చెప్తుంది. సైడ్‌వాల్ పైఅంచున చిన్న త్రికోణం గుర్తు గానీ, 'టీడబ్ల్యూఐ' అనే మూడు ఇంగ్లీష్ అక్షరాలు గానీ వెతకండి. దానికి సూటిగా గాడి లోపల చిన్న రబ్బరు దిమ్మె అడ్డంగా ఉంటుంది. రోడ్డును తాకే రబ్బరు ఆ దిమ్మెతో సమానమైందంటే.. టైరు అయిపోయినట్టే.

అయితే 1.6 దాకా ఆగడం వానాకాలంలో రిస్కే. గాడులున్నది నీళ్లను పక్కకు తోసేయడానికి. లోతు 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే తడి రోడ్డు మీద బ్రేక్ వేసినా బండి ఆగే దూరం పెరిగిపోతుంది. నిలిచిన నీళ్ల మీద టైరు తేలినట్టయి స్టీరింగ్ మాట వినదు. కాబట్టి జూన్ లోపే ఈ లెక్క చూసుకోవాలి.

3. ఎక్కడ అరిగిందో చూస్తే రోగం తెలుస్తుంది

- మధ్యలో ఎక్కువ అరిగితే: గాలి ఎక్కువ పెడుతున్నారు
- రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే: గాలి తక్కువతో తిప్పుతున్నారు
- ఒక్క అంచే అరిగితే: అలైన్‌మెంట్ తప్పింది, లేదా సస్పెన్షన్ పార్టులు అరిగాయి
- అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగితే: షాక్ అబ్జార్బర్ లేదా బ్యాలెన్సింగ్ తేడా
- చేత్తో రుద్దితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే: అలైన్‌మెంట్ చూపించాల్సిందే

కొత్త టైరు వేయించి ఈ కారణాన్ని వదిలేస్తే, ఆ కొత్త టైరు కూడా అలాగే అరుగుతుంది. డబ్బులు వృథా.

4. లోపలి అంచు.. ఇదే అసలు పాయింట్

అందరూ వదిలేసేది ఇదే. బయటి నుంచి చూస్తే గాడులు నిండుగా ఉంటాయి. లోపలి అంచు మాత్రం గుండులా అరిగిపోయి, స్టీల్ తీగలు బయటపడి ఉంటాయి. ముందు టైర్లకైతే ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పండి.. టైరు వెనక భాగం బయటికి వస్తుంది. ఇంజిన్ ఆపేసి, దిగి చూడండి. తర్వాత ఇంకోవైపు తిప్పి రెండో టైరు చూడండి.

వెనక టైర్లు తిరగవు కదా.. మరెలా? ఫోన్‌లో టార్చ్ ఆన్ చేసి వీడియో పెట్టండి. టైరు వెనక వైపుకు, లోపలి అంచు కనిపించేలా ఫోన్ పట్టుకుని నెమ్మదిగా పైనుంచి కిందకు తీయండి. తర్వాత కారును ఒక అడుగు ముందుకు జరిపి మళ్లీ తీయండి. చుట్టూ ఉన్న భాగం మొత్తం కవరయ్యేదాకా ఇలాగే చేయండి. వీడియోను జూమ్ చేసి తీరిగ్గా చూడండి. ఫోన్ పట్టుకునేటప్పుడు కారు కదలకూడదు. స్టీరింగ్ దగ్గర ఇంకొకరు ఉంటే వాళ్లకు ముందే చెప్పండి.

చేత్తో తడమాలనుకుంటే గుడ్డ అడ్డం పెట్టుకోండి. బయటికొచ్చిన స్టీల్ తీగ సూదిలా గుచ్చుకుంటుంది.

5. సైడ్‌వాల్: ఉబ్బు, కోత, పగుళ్లు

టార్చ్ వెలుగును టైరు పక్కగా, ఏటవాలుగా వేయండి. సూటిగా వేస్తే కనపడని ఉబ్బు, నీడ పడటంతో వెంటనే తెలుస్తుంది.

కోడిగుడ్డు సగం అతికించినట్టు బయటికి ఉబ్బు ఉంటే ఆ టైరు పని అయిపోయింది. దాన్ని అతికించడం, ప్యాచ్ వేయడం కుదరదు. 'చిన్నదేగా, వచ్చే నెల చూద్దాం' అనే మాటే వద్దు. ఆ చోట మిగిలింది ఒట్టి రబ్బరే, లోపలి దారాలు తెగిపోయాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సైడ్‌వాల్ మీద నిలువుగా, కాస్త లోపలికి నొక్కుకున్నట్టు సన్నటి గీత కొన్ని టైర్లలో కనిపిస్తుంది. లోపలి దారాల పొర రెండు కొసలు కలిపిన చోట అలా వస్తుంది. అది సాధారణంగా ప్రమాదం కాదు. లోపలికి ఉంటే కంగారొద్దు.. బయటికి ఉబ్బితే ఆలస్యం వద్దు.

కోతల విషయానికొస్తే, పైపైన గీసుకున్నది వేరు, లోపల దారం కనిపించేది వేరు. దారం గానీ తీగ గానీ కనపడితే బండి ఆపాల్సిందే. వెంట్రుకంత సన్నటి పగుళ్లు గుంపుగా ఉంటే రబ్బరు ముసలిదైందని అర్థం. ఎండలో నెలల తరబడి కదలకుండా ఉండే కార్లలో ఇది ఎక్కువ.

6. పుట్టిన తేదీ

మనిషికి ఆధార్‌లా టైరుకీ ఒక నంబర్ ఉంటుంది. సైడ్‌వాల్ మీద 'డాట్' అనే ఇంగ్లీష్ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. ఉదాహరణకు 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగు అంకెలు టైరుకి ఒకవైపే ఉండొచ్చు. బయట కనపడకపోతే లోపలి వైపు చూడాలి.

గాడులు ఎంత బాగున్నా వయసు లెక్కలోకి వస్తుంది. వాడటం మొదలుపెట్టి అయిదేళ్లు దాటితే ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించాలనీ, తయారై పదేళ్లయితే ఎలా ఉన్నా తీసేయాలనీ పెద్ద టైర్ కంపెనీలు చెప్తున్నాయి. తక్కువ తిరిగే కార్లకు ఇది మరీ ముఖ్యం. ఏడేళ్లలో 20 వేల కిలోమీటర్లే తిరిగిన కారుకు గాడులు నిండుగానే ఉంటాయి.. రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది.

7. వాల్వ్, రిమ్

గాలి కొట్టే రబ్బరు వాల్వ్‌ను మెల్లగా పక్కకు వంచి చూడండి. మొదట్లో పగుళ్లుంటే మార్పించాలి. చిన్న ఖర్చే. సబ్బు నీళ్లు వాల్వ్ మీద, రిమ్ అంచు మీద వేస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. వాల్వ్ మూత ఊడిపోతే దుమ్ము చేరుతుంది కాబట్టి అది కూడా ఉండాలి. రిమ్ అంచు వంగితే, ఆ చోట టైరు సైడ్‌వాల్‌ను రెండుసార్లు చూడండి. రిమ్ వంగేంత దెబ్బ టైరునూ వదలదు.

8. స్టెప్నీ మర్చిపోవద్దు

డిక్కీలో పడుకున్న స్టెప్నీకి ఆఖరిసారి ఎప్పుడు గాలి పెట్టారో గుర్తుందా? చాలామందికి గుర్తుండదు. దాని గాలి, తేదీ కూడా చూడండి. జాకీ, వీల్ పానా ఉన్నాయో లేదో చెక్ చేయండి. సన్నటి టెంపరరీ స్టెప్నీ ఇచ్చిన కార్లయితే దాని మీద స్పీడ్ లిమిట్ రాసి ఉంటుంది.. ఎక్కువగా 80 కిలోమీటర్లు. కొన్ని కొత్త కార్లకు అసలు స్టెప్నీయే రాదు. ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్, గాలి తగ్గితే చెప్పే సెన్సర్ సిస్టం ఉంటే స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020లో రూల్ మార్చింది. మీది అలాంటి కారైతే ఆ కిట్ వాడటం ముందే నేర్చుకోండి. అర్ధరాత్రి మునగాల దగ్గర రోడ్డు పక్కన నిలబడి నేర్చుకునే పని కాదది.

నడుపుతుంటే తెలిసే గుర్తులు

కొన్ని లోపాలు కంటికి దొరకవు.. చేతికి, చెవికి దొరుకుతాయి.

- ఒక స్పీడులోనే స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ తేడా కావచ్చు. రోజురోజుకీ ఆ వణుకు పెరుగుతుంటే లోపల బెల్టు విడిపోతోందేమో అనుమానించాలి
- నెమ్మదిగా వెళ్తున్నా కారు ఎగిరెగిరి పడుతున్నట్టుంటే టైరులో ఎక్కడో ఉబ్బు ఉండొచ్చు
- చదునైన రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే ఒకపక్కకు లాగితే గాలి, అలైన్‌మెంట్ చూపించాలి
- 'టక్ టక్' చప్పుడు స్పీడుతో పాటు పెరిగితే రాయో, మేకో గుచ్చుకుని ఉండొచ్చు
- రబ్బరు కాలిన వాసన వస్తే వెంటనే ఆపాలి

డ్యాష్‌బోర్డులో టైర్ లైట్ వెలగలేదని ధీమా వద్దు. గాలి సాధారణంగా 20, 25 శాతం దాకా తగ్గాకే ఆ లైట్ వెలుగుతుంది. పైగా అది గాలినే చెప్తుంది.. కోతనీ, ఉబ్బునీ, వయసునీ చెప్పదు.

పంక్చర్ షాపులో ఇవి అడగండి

ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే బయటి నుంచే పొడిచి దారం లాంటి స్ట్రిప్ పెట్టి అయిదు నిమిషాల్లో పంపించేస్తారు. అత్యవసరానికి అది ఓకే. కానీ సరైన పద్ధతి టైరును రిమ్ నుంచి తీసి, లోపల చూసి, లోపలి నుంచి ప్యాచ్ వేయడం. పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని మష్రూమ్ ప్యాచ్ అంటారు.

రోడ్డును తాకే మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే రిపేర్ చేయొచ్చు. సైడ్‌వాల్, భుజం భాగంలో పడ్డ పంక్చర్‌కు రిపేర్ ఉండదు.

ముఖ్యంగా.. గాలి పోయిన టైరు మీద ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి ఉంటే దాన్ని తప్పకుండా విప్పించండి. లోపల నల్లటి రబ్బరు పొడి, ముక్కలు రాలితే సైడ్‌వాల్ లోపల నలిగిపోయిందని అర్థం. మేకు రంధ్రం మూసేసి గాలి కొడితే బయటికి కొత్తదానిలా నిలబడుతుంది.. హైవే మీద మాత్రం నమ్మకం లేదు. దాగి ఉన్న డ్యామేజీల్లో ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ లాంటి రాత ఉంటుంది. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో ఎన్నో శాతం ఎత్తు. 15 రిమ్ సైజు అంగుళాల్లో. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గరిష్ఠంగా గంటకు 210 కిలోమీటర్ల స్పీడుకు పరీక్షించింది. కంపెనీ ఇచ్చిన ఈ లోడు, స్పీడు గుర్తుల కంటే తక్కువది వేయించొద్దు. మన దేశంలో అమ్మే కార్ టైర్లకు ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి.

రెండే మార్చే బడ్జెట్ ఉంటే కొత్తవి వెనక వేయించండి. చాలామంది ముందు వేయిస్తారు. కానీ తడి రోడ్డు మీద వెనక టైర్లు పట్టు తప్పితే కారు గిరగిరా తిరిగిపోతుంది.. దాన్ని అదుపు చేయడం కష్టం.

ఇక సెకండ్ హ్యాండ్ టైర్లు. నల్ల పాలిష్ కొట్టి, గాడులు మళ్లీ చెక్కి పెడితే కొత్తవాటిలా మెరుస్తాయి. గాడి లోపల టీడబ్ల్యూఐ దిమ్మె కనిపించకపోతే, దాన్నీ కోసేశారని అర్థం. తేదీ ఉన్న చోట చెరిపేసినట్టుంటే అసలు ముట్టుకోవద్దు. పాత కారు కొనేటప్పుడు కూడా నాలుగు టైర్ల తేదీలు చూడండి. సెట్టు మొత్తం మార్చాల్సి ఉంటే బేరంలో ఆ ఖర్చు తగ్గించమని అడగొచ్చు.

ఈ అపోహలు వదిలేయండి

'ఎండాకాలం గాలి తగ్గించి పెట్టాలి': తప్పు. గాలి తగ్గితే గోడ ఎక్కువ వంగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. స్టిక్కర్ మీద ఉన్న లెక్కే ఏ సీజన్‌లోనైనా.

'నైట్రోజన్ పెట్టిస్తే పేలదు': మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్‌తో ప్రెషర్ కాస్త నిలకడగా ఉంటుందేమో గానీ, తెగిన దారాలను అది అతికించదు.

'కొత్త టైరు కదా, చూడక్కర్లేదు': గుంతకు కొత్త, పాత తేడా తెలియదు.

చట్టం, కోర్టు, ఇన్సూరెన్స్ ఏమంటున్నాయి?

'లోపం ఉందని నాకు తెలియదు' అంటే సరిపోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 ప్రకారం.. తెలిసిన లోపమే కాదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసి ఉండే లోపంతో బండి నడిపినా నేరమే. 2019 సవరణ తర్వాత జరిమానా 1,500 రూపాయల వరకు ఉంది. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

2010లో పుణె నుంచి ముంబై వెళ్తున్న ఒక కారు వెనక టైరు పేలి లోయలో పడింది. అందులో ప్రయాణిస్తున్న ఒకరు చనిపోయారు. ట్రిబ్యునల్ ఆ కుటుంబానికి 1.25 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. టైరు పేలడం దైవఘటన కాబట్టి తమకు సంబంధం లేదంటూ ఇన్సూరెన్స్ కంపెనీ బాంబే హైకోర్టుకు వెళ్లింది. 2023లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. దైవఘటన అంటే మనిషి చేతిలో లేని ప్రకృతి విపత్తు అనీ, టైరు పేలడం మనిషి నిర్లక్ష్యమేననీ చెప్పింది. ప్రయాణానికి ముందు టైరు కండిషన్ చూసుకోవాల్సిన బాధ్యత డ్రైవర్‌ది, ఓనర్‌దేనని స్పష్టం చేసింది.

అదే 2023లో మహారాష్ట్రలోని నాగ్‌పూర్ - ముంబై సమృద్ధి హైవే మీద వరుస ప్రమాదాల తర్వాత, రవాణా శాఖ అధికారులు ఎంట్రీ దగ్గరే టైర్లు చూసి అరిగిపోయిన బండ్లను వెనక్కి పంపారు. మన రూట్లో అలా ఆపి చూసేవాళ్లు లేకపోతే.. ఆ చెకింగ్ మనమే చేసుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక. మామూలు ప్యాకేజీ పాలసీలో ఒక్క టైరు మాత్రమే పాడైతే క్లెయిమ్ రాదు. అదే ప్రమాదంలో కారు కూడా దెబ్బతింటేనే, అదీ టైరు ఖర్చులో సగం వరకే. టైర్ కవర్ విడిగా తీసుకుంటే వేరే సంగతి.

హైవే మీద టైరు పేలితే..

1. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. కారు లాగిన వైపుకు వ్యతిరేకంగా ఒక్కసారిగా తిప్పొద్దు
2. బ్రేక్ గట్టిగా తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి. కారు దానంతటదే నెమ్మదిస్తుంది
3. స్పీడ్ బాగా తగ్గాక ఇండికేటర్ వేసి ఎడమ అంచుకు తీసుకెళ్లండి. హజార్డ్ లైట్లు వేయండి
4. అందరినీ ఎడమ వైపు డోర్ల నుంచే దించి, రెయిలింగ్ అవతల నిలబెట్టండి. కారు వెనక, కారు ముందు నిలబడొద్దు
5. రిఫ్లెక్టర్ త్రికోణం కారుకు దూరంగా వెనక పెట్టండి
6. రోడ్డు వైపు టైరు మార్చాల్సి వస్తే, ముఖ్యంగా రాత్రి పూట, మీరే దిగొద్దు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి. గాయాలుంటే 108, ఇంకే ఎమర్జెన్సీ అయినా 112

టైరు పేలినప్పుడు తప్పించుకుని, ఆ తర్వాత రోడ్డు పక్కన టైరు మారుస్తూ వెనక నుంచి వచ్చే లారీకి బలయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే నాలుగో పాయింట్ ఇంకోసారి చదవండి.

ఫైనల్‌గా.. వెళ్లొచ్చా, వద్దా?

బండి కదపొద్దు: సైడ్‌వాల్ ఉబ్బింది, దారం లేదా తీగ కనిపిస్తోంది, గాలి లేకుండా నడిపిన టైరును విప్పి చూడలేదు, గాడి దిమ్మెతో సమానమైంది.

షాపులో చూపించాకే హైవే: ఒక్క టైరే గాలి తగ్గుతోంది, ఒక అంచే అరిగింది, వణుకు పెరుగుతోంది, సన్నటి పగుళ్లున్నాయి, స్ట్రిప్ పంక్చర్ మీదే నడుస్తోంది.

ధైర్యంగా బయల్దేరొచ్చు: గాలి స్టిక్కర్ లెక్క ప్రకారం ఉంది, గాడి 3 మిల్లీమీటర్ల పైనే ఉంది, లోపలి అంచు వీడియోలో బాగుంది, స్టెప్నీ రెడీగా ఉంది.

గాలి నెలకోసారి, దూరం వెళ్లే ప్రతిసారీ చూడండి. 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. గట్టి గుంతలో పడితే ఆ వారమే అలైన్‌మెంట్ చూపించండి.

పండక్కి ఊరెళ్తూ, పెళ్లికి వెళ్తూ కారులో ఎక్కేది మన ఇంట్లోవాళ్లే. ఈసారి బయల్దేరే ముందు టైరును కాలితో తన్నకండి. ఫోన్ తీసి, టార్చ్ వేసి, లోపలి వైపు ఒక వీడియో తీయండి. ఆ వీడియో స్టేటస్‌లో పెట్టకపోయినా పర్లేదు.. ఒకసారి జూమ్ చేసి చూస్తే చాలు.